బీన్స్ కుండలో బంతి

ఆ బంతిని దాచింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. మా ఊరి క్లబ్బులో ఎవరైనా గౌరవం మీద అడిగితే నిజం చెప్పి తీరాలి. మీరు అడగలేదనుకోండి, అయినా చెబుతాను. ఈ మధ్య నన్నెవరూ ఏదీ అడగడం లేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

మా ఇల్లు మైదానానికి ఎడమ చివర ఉంది. కంచెకు అవతల ఆట, ఇవతల నా గుమ్మడి పాదులు. మా ఆయన వర్జిల్ క్రాట్జర్ ఇరవై రెండేళ్ళు ఆ కంచె ముందే నిలబడి ఆడాడు. ఇంటికి దగ్గర కాబట్టి ఆ చోటు ఇచ్చారని ఆయన అనేవాడు. బంతి ఎక్కువగా అటు రాదు కాబట్టి ఇచ్చారని మిగతా వాళ్ళు అనేవారు.

ఒహాయోలో పిల్లిపిల్లకు కూడా బేస్‌బాల్ తెలుసు. కాకపోతే మా క్లబ్బు ఆడేది 1860 నాటి నియమాలతో. చేతికి తొడుగు ఉండదు. ఉన్ని పంట్లాం, ఛాతీ మీద పలకలాంటి గుడ్డ గుండీలతో బిగించిన చొక్కా. జూలై ఎండలో ఆ ఉన్నిలో మనిషి ఉడుకుతుంటే మూత తీసి చూడాలనిపిస్తుంది. బంతి ఒకసారి నేలను తాకి లేచాక పట్టుకున్నా కొట్టినవాడు అవుటే. ప్రతి ఆటగాడికీ ఒక మారుపేరు ఉండాలి. మా ఆయన మారుపేరు జల్లెడ. చేతుల్లోకి వచ్చినదేదీ అక్కడ ఆగేది కాదు.

"ఇవాళ ఎన్ని పట్టారు?" అని అడిగేదాన్ని శనివారం సాయంత్రం.

"ఒకటి పట్టినంత పని చేశాను."

"పట్టినంత పనికే వేలు ఇంత వాచిందా?"

"నా పని నేను చేశాను డెల్ఫా. బంతి దాని పని అది చేసుకుంది."

"పోనీ, ఆ రెండో చెయ్యి అడ్డం పెట్టకపోయారా?"

"పెడితే రెండు వేళ్ళు వాచేవి. వెన్న రాయాల్సింది నువ్వే కదా అని జాలిపడ్డాను."

ఆ వాచిన వేలికి వెన్న రాస్తూ తిట్టడం నా శనివారపు పని. ఆ పని పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ భోజనానికి రెండు ప్లేట్లు తీస్తాను. తీసి, ఒకటి తిరిగి పెట్టేస్తాను.

మీకు రెండు నియమాలు తెలిస్తే చాలు, మిగతా కథ అదే నడుస్తుంది. ఒకటి, ఆట మొత్తానికి ఒకటే బంతి. తోలుతో, చేత్తో కుట్టింది. అది పోతే ఆట ఆగిపోతుంది, రెండు జట్లూ కలిసి దొరికేదాకా వెతకాలి. రెండు, అంపైర్ తన కళ్ళతో చూడని సంగతి ఏదైనా ఉంటే చూసినవాళ్ళను గౌరవం మీద అడుగుతాడు. ఆటగాడినైనా సరే, గట్టు మీద కూర్చున్న ముసలమ్మనైనా సరే. వాళ్ళు చెప్పిందే తీర్పు. దాన్ని ఎవరూ కాదనరు, ఎవరూ అబద్ధం చెప్పరు.

మా అంపైర్ ఈనాక్ స్టాంబా. పొడుగు టోపీ, నల్ల కోటు, చేతికర్ర. పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా ముందు పళ్ళ వంక చూస్తాడు. మూసేసిన తన ఆసుపత్రి పైన మేడ గదిలో ఒక్కడే ఉంటాడు.

పోయిన మే నెలలో మొదటి ఆట. నేను వంటింటి కిటికీలోంచే చూస్తున్నాను. వర్జిల్ పోయాక మైదానంలోకి అడుగు పెట్టలేదు. మైదానమే కాదు, గ్రంథాలయానికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ వారం నాతో మాట్లాడింది ఇద్దరే. ఫోనులో ఒకటి నొక్కమన్నావిడ, గ్రంథాలయంలో నాకు అక్షరాలు నేర్పే మిస్ ఓడెల్. వాళ్ళిద్దరిలో మిస్ ఓడెల్‌కే ఓపిక తక్కువ.

ఆ రోజు బంతి కంచె దాటి గుమ్మడి పాదుల్లో పడింది. పద్దెనిమిది మంది మగవాళ్ళు నా పెరట్లోకి వచ్చారు. ఆకులెత్తి చూశారు, బకెట్ బోర్లించి చూశారు. ఒకడు నీళ్ళు అడిగాడు. మోకాలు అనే మారుపేరున్న మెర్ల్ డయిటర్ మెట్ల మీద కూర్చుని తన మోకాలి చరిత్ర మొదటి ఆపరేషన్ నుంచి చెప్పాడు. మామూలుగా అయితే అతణ్ణి చూసి ఊరంతా పక్క వీధిలోకి తిరుగుతుంది. నేను రెండో మోకాలి గురించి కూడా అడిగాను.

ఇరవై నిమిషాల్లో బంతి దొరికింది. "దొరికింది" అన్న కేక వినగానే అందరూ వెళ్ళిపోయారు. పెరట్లో బకెట్ ఒక్కటే బోర్లా పడి ఉంది.

ఇంకో పది నిమిషాలు దొరక్కుండా ఉంటే బాగుండేది కదా అనిపించింది. పాపం పుట్టడానికి అంత ఆలోచన చాలు.

తరువాతి ఆటకు జేబు పెద్దగా ఉన్న ఏప్రన్ కట్టుకుని పాదుల్లో కలుపు తీస్తూ కూర్చున్నాను. బంతి వచ్చింది. జేబులోకి వెళ్ళింది. నేను కూడా అందరితో కలిసి వెతికాను, అందరికన్నా శ్రద్ధగా. యాపిల్ పై చేసి, ముక్కలు కోసి పెట్టాను, కాఫీ పోశాను. ముప్పావుగంట గడిచాక పెంటకుప్ప దగ్గర బంతి జారవిడిచి పక్కకు తప్పుకున్నాను. ఎవరో చూసి మురిసిపోయారు.

ఆ తరువాత నేను వ్యవసాయంలో పడ్డాను. ఆకు వెడల్పుగా ఉండే గుమ్మడి రకం తెప్పించి వేశాను. గడ్డి కోయడం మానేశాను. ఆగస్టు నాటికి నా పెరట్లో బంతి కాదు, అంపైర్ పడినా టోపీ ఒక్కటే కనిపించేది.

విచిత్రం ఏమిటంటే బంతి ప్రతి ఆటలోనూ వచ్చేది. బెల్లంపాకం అని మావాడొకడున్నాడు, రసెల్ ఓయిలర్. పరిగెత్తడంలో పాకమంత చురుకు. ముప్పై ఏళ్ళుగా కుడివైపు తప్ప కొట్టి ఎరగడు. ఆ ఎండాకాలం ఎడమవైపు తప్ప కొట్టలేదు. నా అదృష్టం అనుకున్నాను.

అక్టోబరు మొదటి శనివారం ఆఖరి ఆట. మిషిగన్ నుంచి జట్టు వచ్చింది. ఆట అయ్యాక వచ్చిన వాళ్ళకు ఊరివాళ్ళు భోజనం పెట్టడం ఆచారం. ఆ భోజనం నేను పెడతానని ముందే చెప్పి పెద్ద కుండలో బీన్స్ ఎక్కించాను. పంది మాంసం, ఉల్లిపాయలు, నల్ల బెల్లపు పాకం వేసి పొద్దుటి నుంచి సన్న సెగ మీద ఉడికిస్తున్నాను.

పరుగులు సమానంగా ఉన్నాయి. ఇంకొక్క ఇన్నింగ్స్ మిగిలింది. అప్పుడు బెల్లంపాకం కొట్టిన బంతి కంచె దాటి నా కాళ్ళ దగ్గరే పడింది. మామూలు చోటికి మామూలుగా వెళ్ళింది.

ఈసారి ముప్పావుగంట అయినా నాకు చాల్లేదు. ఇదే ఆఖరి ఆట కదా, మళ్ళీ మే నెల దాకా ఎవరూ రారు. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుంటూ గంట దాటించాను.

అంతలో, నేను లోపల బీన్స్ కలుపుతుంటే, మిషిగన్ కెప్టెన్ వంటింట్లోకి వచ్చాడు. తేనెపట్టు అతని మారుపేరు. గడ్డం చూస్తే ఎందుకో తెలుస్తుంది. మహా మర్యాదస్తుడు.

"అమ్మా, మీరు పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు. ఆ ఏప్రన్ ఇటివ్వండి, యాపిల్ పై తిన్న ప్లేట్లు నేను కడుగుతాను."

"వద్దు బాబూ, మీరు అతిథులు."

"మా అమ్మ నన్ను అలా పెంచలేదండీ. ఇటివ్వండి."

"ఇది నాకు అలవాటైన ఏప్రన్ బాబూ."

"నేను చింపను లెండి," అంటూ వెనక ముడి విప్పేశాడు. మర్యాదస్తులతో వచ్చే చిక్కు ఇదే, వాళ్ళను ఆపడానికి మర్యాదైన దారి ఉండదు. అతను ఏప్రన్ అందుకునే లోపల నేను జేబులోంచి బంతి తీసి, చేతికి దగ్గరగా ఉన్న దానిలో వేశాను.

చేతికి దగ్గరగా ఉన్నది బీన్స్ కుండ. బుడుంగుమంది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"పంది మాంసం తిరగబడింది," అన్నాను.

అప్పుడే వసారాలోంచి మోకాలు గొంతు వినిపించింది. "ఈ ఏడు ప్రతి ఆటా ఇంతే. గుమ్మడి పాదులు మన ప్రాణం తీస్తున్నాయి. నది అవతల సంత మైదానం ఉంది కదా, వచ్చే ఏడు నుంచి అక్కడ ఆడదాం."

"న్యాయమే," అన్నాడు బెల్లంపాకం. అతనొక మాట పూర్తి చేయడానికి పట్టే సమయంలో నా గుండె నాలుగుసార్లు ఆగింది.

స్టాంబా కర్ర నేలకేసి కొట్టాడు. "ఒప్పుకునే వాళ్ళు చేతులెత్తండి."

కిటికీలోంచి చూస్తున్నాను. ఒక్కొక్క చెయ్యీ లేస్తోంది. తేనెపట్టు అటు నురగలో చేతులు పెట్టి ఏదో పాడుకుంటున్నాడు. వీళ్ళను రప్పించుకోవడానికి వేసిన పాదులే వీళ్ళను వెళ్ళగొడుతున్నాయి. బంతి బయటికి తీస్తే ఊరందరి ముందూ దొంగనవుతాను. తియ్యకపోతే వచ్చే మే నుంచి కిటికీలో చూడటానికి కూడా ఏమీ ఉండదు.

"లెక్కపెట్టే ముందు ఒక లాంఛనం ఉంది," అన్నాడు స్టాంబా. "చూసినవాళ్ళను అడగాలి."

ఒక్కొక్కరినీ గౌరవం మీద అడిగాడు. ఒక్కొక్కరూ చూడలేదన్నారు. వరస వసారా దాటి, వంటింటి గుమ్మం దాకా వచ్చింది. నాకోసం టోపీ తీశాడు.

"మేడమ్, గౌరవం మీద చెప్పండి. బంతి చూశారా?"

వర్జిల్ ఆడినన్నాళ్ళూ ఒక్క బంతి పట్టలేదు గానీ, పట్టానని ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"చూశాను," అన్నాను.

"ఎక్కడుంది?"

"ఉడుకుతోంది."

తేనెపట్టు పాట ఆపేశాడు. స్టాంబా పొయ్యి దగ్గరికి వెళ్ళి గరిటెతో కలిపి బంతిని పైకి తీశాడు. పళ్ళు చూసేటంత శ్రద్ధగా దాన్ని తిప్పి చూశాడు.

"ఆటకు ఒకటే బంతి," అన్నాడు. "ఇదే బంతి. పదండి."

ఆఖరి ఇన్నింగ్స్ ఆ బంతితోనే ఆడారు. నేనూ వెళ్ళాను, దొంగను ఇంట్లో వదిలేయకూడదట. బంతి పంది మాంసం వాసన వేస్తోంది, చేతికి అతుక్కుంటోంది. మోకాలు దాన్ని ఒంటిచేత్తో పట్టి తనే నిర్ఘాంతపోయాడు. విసరబోతే అది వదల్లేదు. అతను చెయ్యి విదిలించుకుంటూ ఉండగా, అప్పటికే బేస్ మీదున్న ఇంకో మిషిగన్‌వాడు చుట్టూ తిరిగి వచ్చి, పరుగు పూర్తయిందని గంట కొట్టాడు. అటువైపు, మా కంచె ముందు, కొత్త కుర్రవాడు వచ్చిన ప్రతి బంతినీ పట్టేశాడు.

ఈ ఒక్క బంతి దొరికి ఉంటే జల్లెడ కూడా పట్టేవాడు. అరవై ఏళ్ళ వంటలో నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదో.

ఒక్క పరుగుతో మిషిగన్ గెలిచింది. గెలిచినవాళ్ళకు బంతి బహుమానంగా ఇవ్వడం ఆచారం. తేనెపట్టు దాన్ని వాసన చూసి, వ్యానులో తొమ్మిది మందితో అయిదు గంటల ప్రయాణం తలచుకుని, నాకు వంగి నమస్కరించి నా చేతిలోనే పెట్టాడు. బీన్స్ మాత్రం గింజ మిగల్చలేదు. బాగా ఊరిందన్నారు.

స్టాంబా శిక్ష చెప్పాడు. "వచ్చే ఆట నుంచి మేడమ్ నా పక్కన బల్ల దగ్గర కూర్చుని పరుగులు రాయాలి. నా కళ్ళ ఎదుట."

"నాకు అక్షరాలు అంతంతమాత్రం."

"గీతలు చాలు. మీ ఆయన పేరు దగ్గర సున్నాలే సరిపోయేవి."

"వచ్చే ఆట ఎప్పుడు?"

"మే నెలలో."

"అప్పటిదాకా?"

స్టాంబా టోపీ సర్దుకున్నాడు. అందరూ మూడుసార్లు జయం పలికి వెళ్ళిపోయారు. నేను ప్లేట్లు తుడిచి లోపల పెట్టాను. ఇరవై. చాలాసేపు పట్టాలని మెల్లగా తుడిచాను. అయినా అయిపోయాయి.

నవంబరు వెళ్ళింది. డిసెంబరు వెళ్ళింది. ఫోనులో ఆవిడ ఒకటి నొక్కమంది, నొక్కాను, రెండు నొక్కమంది. గుమ్మడి తీగలు ఎండి మంచు కింద పడుకున్నాయి. బంతి కిటికీ గూట్లో ఉంది. గది వేడెక్కితే ఇంకా కొంచెం పాకం వాసన వేస్తుంది.

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం కంచె మీదుగా పొడుగు టోపీ కనిపించింది. కింద ఈనాక్ స్టాంబా ఉన్నాడు. మోకాళ్ళ లోతు మంచులో నిలబడి కర్రతో పొడుస్తున్నాడు. నేను తలుపు తీశాను.

"ఏమిటి వెతుకుతున్నారు?"

"బంతి పోయింది."

"ఆటలు అక్టోబరులోనే అయిపోయాయి కదండీ."

"అందుకే దొరకడం కష్టంగా ఉంది," అని మళ్ళీ పొడిచాడు.

నాకు అప్పుడు తట్టింది, గౌరవం మీద అడిగే హక్కు అంపైర్‌కు ఒక్కడికే అని ఎక్కడా రాసి లేదు.

"అంపైర్ గారూ, గౌరవం మీద చెప్పండి. ఇక్కడ బంతి పడిందా?"

ఆయన టోపీ తీశాడు. మంచు నెత్తి మీద పడుతోంది. "పడలేదు."

"నా ఏప్రన్ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"జూన్‌లో. బంతి రాకముందే ఇరవై మందికి కాఫీ కాగుతుంటే పశువుక్కూడా అనుమానం వస్తుంది. బెల్లంపాకానికి ఎడమవైపు కొట్టడం నేర్పడానికి నాకు రెండు వారాలు పట్టింది."

"మరి సంత మైదానం?"

"దాన్ని దున్నేసి రెండేళ్ళయింది. మొక్కజొన్న వేశారు. ఊరందరికీ తెలుసు. మీరు ఇంట్లోంచి బయటికి వస్తేగా తెలియడానికి."

ఎండాకాలమంతా వాళ్ళను నేనే ఆడిస్తున్నానని అనుకున్నాను. ఈ వయసులో నాకు సిగ్గేసింది. ఆయన ముక్కు ఎర్రగా అయిపోయింది. ఆ మేడ గది నుంచి మా ఇంటికి ఈ మంచులో మైలున్నర నడవాలి.

"ఇంకా ఎంతసేపు వెతుకుతారు?"

"నియమం ప్రకారం దొరికేదాకా."

నేను లోపలికి వెళ్ళి ప్లేట్లు తీశాను. అలవాటు ప్రకారం రెండు. గుమ్మం దగ్గరికి తిరిగి వచ్చాను.

"వంటింట్లో వెతకలేదు కదా ఇంకా," అన్నాను. "బూట్లు దులుపుకుని రండి."