స్వహస్తాలతో చేసిన ఉప్పు

మా భవన నివాసుల సంఘం ఈ ఏడాది ఒక చరిత్రాత్మక తీర్మానం చేసిందని తెలియజేయడానికి కార్యదర్శిగా గర్విస్తున్నాను. ఏడాది చివరి సెలవుల్లో ఇరుగుపొరుగులు ఇచ్చిపుచ్చుకునే బహుమతులు ఇకమీదట బజార్లో కొన్నవి కాకూడదు. ఆకులతో, మసాలా దినుసులతో ఇంట్లో స్వహస్తాలతో చేసినవై ఉండాలి. "ప్రేమ కొంటే దొరికేది కాదు" అని అధ్యక్షులవారు గద్గద స్వరంతో ప్రసంగించారు. సీసాలు మాత్రం వారి బావమరిది కొట్లో కొనాలని తీర్మానంలో రెండో వాక్యం.

ఉత్తమ బహుమతికి ఒక బహుమతి కూడా ప్రకటించాం. గేటు పక్కన మెట్ల కింద ఉన్న గది, ఏడాదిపాటు అద్దె లేకుండా.

ఆ గదిలో రెండు విరిగిన కుర్చీలు, ఎండిపోయిన రంగుడబ్బాలు, ఎవరిదో తెలియని సైకిలు తప్ప ఏమీ లేవు. అయినా దాన్ని ఇమ్మని వంటక్క మూడేళ్లుగా అడుగుతోంది. వంటక్క అంటే మా పన్నెండు ఫ్లాట్లలోనూ ఏదో ఒక పూట వంటింట్లో కనిపించే మనిషి. మాకు లిఫ్టు లేదు. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఒకచోట కూర్చుని మసాలా పొడులు కొట్టి అమ్ముకుంటానంటుంది. అడిగిన ప్రతిసారీ పరిశీలిస్తామన్నాం. అన్న మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాం.

నోటీసు అంటిస్తుంటే ఆమె వచ్చి చదివించుకుంది.

"పోటీ అందరికీ అంటే నాకూనా బాబుగారూ?"

"అందరికీ అంటే అందరికీనే కదా" అన్నాను. నోటీసు రాసింది నేనే. ఆ మాట రాయడం నా అనుభవలేమి అని తరువాత పెద్దలు చెప్పారు.

మా ఆవిడ ఎంతో ఉత్సాహంగా రంగంలోకి దిగింది. పుదీనా ఎండబెట్టింది. మొదటి విడత బూజు పట్టింది. రెండో విడత మాడింది. మూడో విడతకి వంటక్కని పిలిచింది. వంటక్క పుదీనాని నీడన ఆరబెట్టి, మిరియాలు సన్నసెగ మీద వేయించి, ఎండిన నిమ్మతొక్క చేర్చి, ఉప్పుతో కలిపి రోట్లో దంచింది. మా ఆవిడ సీసాకి రిబ్బను కట్టింది. అలా ఇద్దరూ సమానంగా కష్టపడ్డారు.

"ఇది నువ్వు చేశావని ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అక్కా" అంది మా ఆవిడ.

"ఒట్టెందుకమ్మా, చెప్పనంటే చెప్పను."

"అలా కాదు. దేవుడి ముందు వెయ్యి."

మా దేవుడి గదిలో దీపం ముందు ఆమె ఒట్టు వేసింది. నేను అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాను. కాబట్టి నేనేమీ చూడలేదు.

అయితే వాసనచేత ఒట్టు వేయించడం మా ఆవిడకి తట్టలేదు. అది మెట్ల మీదుగా మూడంతస్తులూ ఎక్కింది. మర్నాడు ఎదురింటి పిన్నిగారు వంటక్కని లోపలికి పిలిచి తలుపేసుకున్నారు. "నిన్న మెట్ల మీద ఘుమఘుమలాడిందే, అదేదో నాకూ చేసిపెట్టు. మూడో కంటికి తెలియకూడదు సుమా!" ఆ తరువాత పై ఇల్లు, ఆ పక్కిల్లు, అధ్యక్షులవారిల్లు. వారం తిరిగేసరికి సీసాలు పన్నెండు, ఒట్లు పన్నెండు. ఆదివారం మధ్యాహ్నం వంటక్క తన ఇంట్లో పదమూడో సీసాకి పొడి కొట్టుకుంది. అది తన కోసం.

పోటీనాడు సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఫ్లాటు నంబర్లు వేశాం. వంటక్కకి ఫ్లాటు లేదు గనుక ఆమె సీసా మీద "గేటు" అని రాశాను. ముందుగా అధ్యక్షులవారి సతీమణి చేతులు పైకెత్తి చూపించి ప్రసంగించారు. "నెల రోజులుగా రోట్లో నలిగిన చేతులివి!" గోళ్ల రంగు ఎక్కడా చెదరలేదు. శ్రమలోనూ ఆవిడ పాటించిన శుభ్రతకి చప్పట్లు కొట్టాం.

న్యాయనిర్ణేత ఒక హోటల్లో ముప్ఫై ఏళ్లు వండి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. మొదటి సీసా రుచి చూసి తలూపారు. మూడోదానికి కనుబొమలు ముడిచారు. అయిదోది అయ్యాక మంచినీళ్లు అడిగారు. పదమూడూ అయ్యాక అన్నారు:

"ఇదంతా ఒక్క చెయ్యేనండీ."

"అదే మా ఐకమత్యం!" అన్నారు అధ్యక్షులవారు.

"ఐకమత్యం కాదండీ బాబూ. వేపు. అన్నిట్లో మిరియాలకి ఒకటే వేపు. పన్నెండుమంది పన్నెండు పొయ్యిల మీద ఇలా వేపలేరు."

అధ్యక్షులవారు అక్కడికక్కడే విచారణ జరిపారు. పన్నెండు గౌరవనీయ కుటుంబాలు కలిసి ఒక్క మనిషిని కాపీ కొట్టాయంటే నమ్మశక్యం కాదు. ఒక్క మనిషి పన్నెండిళ్ల వంటిళ్లలో తిరుగుతూ కాపీ కొట్టిందంటే చిన్నపిల్లలైనా నమ్ముతారు.

"ఏమ్మా, ఎక్కడ చూసి చేశావ్?"

వంటక్క మా ఆవిడ వైపు చూసింది. తరువాత పిన్నిగారి వైపు. అలా పన్నెండుమంది వైపూ చూసింది.

"చెప్పలేనండి. మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది చెప్పకూడదనే కదండీ మాటిచ్చింది."

పన్నెండుమంది ఇల్లాళ్లూ పైన ఫ్యాను వైపు చూశారు. అది తిరగడం లేదు. నేను మినిట్సు పుస్తకం వైపు చూశాను. ఆడినమాట తప్పకపోవడం పుణ్యమని విన్నాను. మాట తీసుకున్నవాళ్లు నోరు మెదపకపోతే దాన్నేమంటారో వినలేదు. ఎక్కడైనా రాసే ఉంటారు, నేనంతగా చదువుకున్నవాణ్ని కాను.

"విచారణకు సహకరించనందున 'గేటు' సీసా తిరస్కరించడమైనది" అని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏకగ్రీవం అంటే అందులో నా చెయ్యి కూడా ఉందని. గది అధ్యక్షులవారి సతీమణికి దక్కింది. సైకిలు బయట పడేశాం.

గదికి రిబ్బను కత్తిరించిన సాయంత్రమే ఆవిడ వంటక్కని పిలిచారు. "జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి ఈ గదిలో కూర్చుని పొడులు కొట్టు. నీకూ మెట్లెక్కే బాధ తప్పుతుంది."

"వద్దమ్మా" అంది వంటక్క. "మీ గదిలో కొడితే మళ్లీ మిమ్మల్ని చూసి కొట్టానంటారు."

ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, అప్పుడే వెళ్లిపోయింది. తన సీసా తీసుకుని గేటు దాటింది. మళ్లీ రాలేదు. పన్నెండు వంటిళ్లలో పొయ్యిలు చల్లబడ్డాయి. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఆమె కృతఘ్నతని ఖండిస్తూ ఒకటి, ఆమెని వెంటనే వెతికి తీసుకురావాలని ఒకటి, రెండు తీర్మానాలు చేసింది.

పత్రికలో ప్రకటన వేయించే పని నాకు అప్పగించారు. వయసు సుమారు యాభై, చామనఛాయ, మోకాళ్ల నొప్పి, చేతిలో సీసా అని రాశాను. పేరు దగ్గర కలం ఆగింది. మా ఆవిడని అడిగాను. "అక్క" అంది. పిన్నిగారిని అడిగాను. "అదేమిటి, వంటక్కే కదా!" అన్నారు. పన్నెండిళ్లూ తిరిగి అడిగాను. పన్నెండేళ్లుగా మాకు వండిపెట్టిన మనిషి పేరు ఒక్కరికీ తెలియదు.

ప్రకటన నా జేబులో అలాగే ఉంది. నవ్వుతున్నట్టున్నారు మీరు. నవ్వండి. ముందు మీ ఇంటికొచ్చే ఆమె పేరు చెప్పండి, లోపలికెళ్లి ఎవరినీ అడక్కుండా.