సున్నా పొగ తండా

"ఇకమీదట ఈ గడ్డ మీద ఏ పౌరుడూ పొగ పీల్చడు! ఇది ప్రభుత్వ సంకల్పం!"

కామారెడ్డి సభలో మా భూపాల్ సారు ఇలా గర్జించగానే చప్పట్లు మోగాయి. సారు స్వచ్ఛ వాయు ప్రయాణ పథకానికి ప్రత్యేకాధికారి. నేను, నగేశ్‌ని, ఆయన కింద గుమాస్తాను. గర్జించేది ఆయన, రాసిపెట్టేది నేను.

పథకం ఏమిటంటే, పొగ వదిలే డీజిల్ బస్సులను తీసేసి కరెంటు బస్సులు నడపడం. నిధులు పైనుంచి వస్తాయి. మొదటి బస్సు ఎల్లారెడ్డి నుంచి గుట్టకింది తండాకు వెళ్లాలని తేలింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. కరెంటు బస్సు వెనక డీజిల్ కార్లు బారులు తీరాయి. ఆ పొగలో నిలబడి సారు స్వచ్ఛమైన గాలి గురించి ప్రసంగించారు. మధ్యమధ్య దగ్గారు, పాపం!

తీరా బస్సు తండా దారి పట్టగానే దాని కడుపు రాళ్లకు తగిలింది. బ్యాటరీ కిందే ఉంటుంది కదా! రోడ్డు వేద్దామంటే పథకంలో పైసా లేదు, రోడ్డు వేరే శాఖది. కాబట్టి బస్సును తెచ్చి మా ఆఫీసు ముందు నిలబెట్టి దండ వేశాం. పాత డీజిల్ బస్సును మాత్రం అప్పటికే రద్దు చేసేశాం. పథకమంటే పథకమే!

మరుసటి నెల తండాలో గాలిని కొలిచాం. అద్భుతం! బస్సు లేదు కనుక పొగ లేదు. సారు కళ్లు చెమర్చాయి. తండాకు 'సున్నా పొగ' అవార్డు ప్రకటించారు.

ఆ శుభవార్త మోసుకుని తండాకు వెళితే గోరి ఎదురైంది. ఆమె బిడ్డ ఉమాదేవి ఎల్లారెడ్డిలో ఇంటర్ చదువుతోంది.

"అవార్డు ఏం జేసుకోవాలె సారూ? బస్సు బందు వెడితిరి. పిల్ల రోడ్డు దాంక నడిసిపోయి ఆటో దొరికేసరికి కాలేజిల సగం క్లాసులు అయిపోతున్నయి. హాజరు తక్కువుంది, హాల్‌టికెట్ ఇయ్యం అంటున్నరు. సదువు ఆగితె నాతోని చెరుకు కొట్టనీకి వస్తది. గంతే!"

"నడక ఆరోగ్యానికి మంచిదమ్మా" అన్నాను. ఇది సారు నేర్పిన జవాబు.

"మరి మీ సారు నడుస్తడా?" అంది తల్లి పక్కనే ఉన్న ఉమాదేవి.

దీనికి జవాబు సారు నేర్పలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్లను చూసి జాలేసింది. కానీ పథకంలో జాలికి పద్దు లేదు.

అవార్డు రోజున పత్రికలవాళ్లను వెంటేసుకుని కార్లలో బయల్దేరాం. తారురోడ్డు దిగి తండా దారి పట్టేచోట వెదురుబొంగు అడ్డంగా కట్టి ఉంది. పక్కనే తండా పెద్ద తావుర్యా నాయక్ నిలబడ్డాడు. మా వైపు ఊరి కమిటీ కట్టుబాటు చేసి డప్పు చాటింపు వేయించిందంటే ఇక ఎంతటివాడైనా తలొంచాల్సిందే.

"ఏంది నాయక్ ఇది?" అని సారు అద్దం దించారు.

"దండం సారూ! పొగబండి తండాకు రావొద్దని కట్టుబాటు జేసినం. డప్పు గూడ కొట్టించినం. మీ బండ్లు వస్తె మా సున్నా ఖరాబయితది గద!"

"అవార్డు ఇవ్వడానికి వచ్చిందే నేను!"

"గందుకే సారూ! నడిసి రాండ్రి. ఆరోగ్యానికి మంచిదట, మీ నగేశ్ సారే జెప్పిండు."

సారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆకాశం చాలా శుభ్రంగా ఉంది.

కెమెరాలు తిరుగుతున్నాయి. సారు నవ్వుతూ దిగారు. మొదటి మలుపు దాకా ఆ నవ్వు ఉంది. రెండో మలుపులో కోటు విప్పి నాకిచ్చారు. ఆ తర్వాత ఒక బండ మీద కూలబడ్డారు. బిడ్డతో మా వెంట నడుస్తున్న గోరి చెంబుతో నీళ్లిచ్చింది. ఎంతైనా మనిషి కదా అనుకున్నట్టుంది.

"ఏమయ్యా నగేశ్, మనుషులు తిరిగే దారి కదా! దీనికి ఒక్క బస్సయినా లేదా?" అన్నారు సారు రొప్పుతూ.

"ఉండె సార్. మీరే తీసేసిన్రు" అంది ఉమాదేవి.

సోమవారం పొద్దున్నే పాత డీజిల్ బస్సు గుప్పుగుప్పున పొగ వదులుతూ తండాకు వచ్చింది. ఉమాదేవి మొదటి మెట్టెక్కింది. ఉత్తర్వు నేనే రాశాను, సారు సంతకం చేశారు: "క్షేత్రస్థాయి పరిశీలనలో నడక ఆరోగ్యానికి హానికరమని తేలినందున బస్సు పునరుద్ధరించడమైనది."