మగ గొంతుకు వదిలిన ఖాళీ

ఆ పొద్దున నర్సింహ వేసుకున్న పథకం చాలా చిన్నది. గోదాం తలుపు తీయాలి, షూటింగ్ వాళ్ళు అడిగిన పట్టెమంచం వ్యానెక్కించాలి, చాయ్ తాగాలి, ఆ తర్వాత మిద్దె మీదికి వెళ్ళి పెళ్ళాం పాట ఒకసారి వినాలి. మొదటి మూడు పనులూ నాలుగో దాని కోసమే చేస్తున్నాడని వీధి మలుపులో చాయ్ బండివాడికి కూడా తెలుసు.

ఫిల్మ్ నగర్‌లో నర్సింహది సినిమాలకు సామాన్లు కిరాయికిచ్చే వ్యాపారం. జమీందారు కుర్చీలు, పోలీస్ స్టేషన్ బల్లలు, పాతకాలపు రేడియోలు, అన్నీ కింద గోదాంలో ఉంటాయి. పైన రెండు గదుల్లో కాపురం. భార్య అరుణజ్యోతి గాయని. అంటే తెర మీద పేరు పడే గాయని కాదు. పెద్ద గాయనికి తీరిక లేనప్పుడు ఈమె ముందుగా పాడి పెడుతుంది. ఆవిడ తీరిగ్గా వచ్చి, విని, నేర్చుకుని పాడుతుంది. ఆపైన అరుణజ్యోతి గొంతు తీసేస్తారు. ఆ విధంగా ఆమె చాలా పెద్ద పెద్ద సినిమాల్లో పాడింది, అవి విడుదలయ్యేదాకా.

అందుకే ఈసారి పట్టుబట్టింది. బాబీ అనే పేరున్న గాయకుడి బృందంతో ఊరూరా కచేరీలకు తిరుగుతూనే, బస్సులోనూ హోటల్ గదుల్లోనూ ట్యాబ్ మీద సొంత ఆల్బమ్ తయారుచేసుకుంటోంది. బయటి చప్పుడు పడకుండా నెత్తి మీదుగా దుప్పటి కప్పుకుని, లోపల ట్యాబ్ పెట్టుకుని పాడుతుంది. విశాఖపట్నంలో గది ఊడ్వడానికి వచ్చినావిడ, ముసుగులోంచి మూలుగు వినబడుతోందని, జాలిపడి జ్వరం మాత్ర తెచ్చిచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఆడియో కంపెనీ నడిపే త్రినాథరావు, పాటలు బాగుంటే ఆమె పేరుతో, ఆమె గొంతుతోనే బయటికి తెస్తానని మాటిచ్చాడు. అరుణజ్యోతికి కావలసింది ఆ ఒక్కటే.

నర్సింహకు కావలసింది అరుణజ్యోతి. కానీ ఆ మాట పైకి అనే అలవాటు అతనికి లేదు. ఫోన్‌లో అందామన్నా ఆమె ఆగదు. "తిన్నవా? మందులేసుకున్నవా? సరే, రిహార్సల్‌కు పిలుస్తున్నరు, పెట్టేస్తున్న," అని తానే అడిగి, తానే జవాబు చెప్పుకుని, తానే పెట్టేస్తుంది.

వెళ్తూ వెళ్తూ తన పాత ట్యాబ్ ఇంట్లో వదిలి వెళ్ళింది. కొత్తదాంట్లో ఆమె పాడిన పాట దానంతటదే పాతదాంట్లోకి వస్తుంది. పాతదాంట్లో ఏం చేసినా కొత్తదాంట్లోకి పోతుంది. ఈ రెండో సంగతి కూడా ఆమె వివరంగానే చెప్పింది. కానీ అప్పుడు ఆమె సూట్‌కేసు సర్దుకుంటోంది, నర్సింహ ఆ సూట్‌కేసు వంకే చూస్తున్నాడు.

"గీ మూడుమూలల బొమ్మ నొక్కితే పాటొస్తది. పక్కన ఎర్ర గుండ్రమున్నది చూడు, దాని జోలికి పోకు," అంది.

నర్సింహ నాలుగు రోజులు బుద్ధిగా మూడుమూలలే నొక్కాడు. ఐదోనాడు కళ్ళజోడు కింద గోదాంలో మర్చిపోయి గుండ్రం నొక్కాడు. ఏమీ పేలలేదు. పైగా ముందు టిక్కుటిక్కుమని తాళం పడి, ఆ తర్వాత పాట వచ్చింది. ఇదేదో ఇంకా బాగుందే అనుకుని ఆనాటి నుంచి గుండ్రానికే అలవాటుపడ్డాడు. గుండ్రమంటే రికార్డింగ్ అని అతనికి తెలియదు. ఎన్నో ఏళ్ళుగా సినిమాలకు మంచాలిస్తున్నాడు గానీ రికార్డింగ్ థియేటర్ గడప తొక్కి ఎరగడు.

ఆ పొద్దున కొత్తగా వచ్చింది ఆలుమగలు పాడుకునే పాట. మగ గొంతు బాబీది. ఈ కాలంలో జంట పాటలు జంటగా పాడరు. ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి తీరికను బట్టి వాళ్ళు పాడతారు. అందుకని అరుణజ్యోతి తన చరణాలు పాడేసి, బాబీ పాడాల్సిన చోట్లు ఖాళీగా వదిలింది. "ఏం జేస్తున్నవో రాజా, ఎట్లున్నవో" అని పాడి ఆగుతుంది. వెనక తీగె వాద్యం సన్నగా మోగుతూ ఉంటుంది. ఫోన్‌లో క్షణం ఆగని మనిషి పాటలో అంతసేపు ఆగి తన జవాబు కోసం చూస్తుంటే నర్సింహ ఊరుకోలేకపోయాడు.

"ఏం జేస్త," అన్నాడు ట్యాబ్‌తో. "పప్పు పొయ్యి మీద పెట్టి మర్చిపోయిన. మాడింది."

"పొద్దుగూకినంక నీకు తోడెవరో" అని మళ్ళీ ఆగింది.

"తోడెవరు? బాత్రూంల బల్బు గూడ పోయింది."

చివర "యాదికొస్తనా నేను, యాదికొస్తనా" అని ఉంది. అక్కడ ఖాళీ పెద్దది. నర్సింహ మంచం మీది దిండు వంక చూశాడు. "మంచంతోటి దిండు గూడ ఇయ్యమన్నరు షూటింగోల్లు. నీ దిండు చూపెట్టిండ్రు. నేనియ్యలే," అని, "హూఁ" అని ఊపిరి వదిలాడు. అంతటితో మనసు తేలికపడి, కిందికి దిగి వ్యాపారం చూసుకున్నాడు.

సరిగ్గా ఆ పూటే రాజమండ్రి దారిలో బస్సులో కూర్చుని అరుణజ్యోతి, ఇంకోసారి వినే ఓపిక లేక, ఆ పాటను అలాగే త్రినాథరావుకు పంపించింది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అరుణజ్యోతి హలో కూడా అనలేదు.

"అంత ఆగమైపోయింది! బాబీ అలిగి కారెక్కి పోయిండు. ప్రోగ్రాం కాన్సల్. మమ్మల్నందర్ని ఇంటికి పొమ్మంటున్నరు."

నర్సింహకు చివరి మాట ఒక్కటే వినబడింది. "ఇంటికొస్తున్నవా?" అన్నాడు వెలిగిపోతూ.

"నీకు నవ్వులాటగున్నదా? నా పాటల ఎవడో మగోడు మాట్లాడుతున్నడంట! త్రినాథరావుగారు వాడెవడో కొత్త ఆర్టిస్టనుకుని, ఈ పాట మీరు పాడక్కర్లేదని బాబీకి ఫోన్ చేసిండంట. బాబీ ఏమో, నాకు తెల్వకుండ ఎవనితోని పాడించినవని నా మీద ఎగిరిండు. బస్సుల అందరు నన్నే చూస్తున్నరు."

"మగోడా? ఎవడు వాడు?"

"నాకేం తెల్సు? విందామంటే ట్యాబ్ బంద్ పడ్డది. చార్జరేమో బాబీ కార్ల పోయింది."

తన పెళ్ళాం పాటలో పరాయి మగాడు మాట్లాడుతున్నాడంటే నర్సింహకు ఒళ్ళు మండింది. పాట తన దగ్గరే ఉంది, తీసి వింటే తేలిపోయేది. కానీ కోపం వచ్చినవాడు కూర్చుని పాటలు వింటాడా? స్కూటర్ తీసి ఎకాయెకి జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కాడు.

త్రినాథరావు ఆఫీసులో మెత్తటి సోఫాలు, చల్లటి గాలి. నర్సింహ కూర్చోలేదు.

"నేను అరుణజ్యోతి ఆయన్ని. గా పాటల మగోడెవడో నాకు తెల్వాలె సార్."

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ!" అన్నాడు త్రినాథరావు సంబరంగా. "ఎవరండీ ఆయన? ఏం సహజంగా చెప్పాడు! పొద్దుట్నుంచి పదిసార్లు విన్నాను," అని పెద్ద స్పీకర్లలో పెట్టాడు.

తన గొంతు తనకు బయటి నుంచి వినబడితే ఎవరికైనా కొత్తగానే ఉంటుంది. "వీని గొంతేంది సార్, మూకుడు గీకినట్టున్నది," అన్నాడు నర్సింహ. పప్పు మాడిందని వినబడగానే మూతి విరిచాడు. "పప్పు ఉడకవెట్టుకోనికి రాదు గని, పాటలల్లకు వచ్చిండు."

"వినండి, వినండి. ఇంకా ఉంది," అన్నాడు త్రినాథరావు.

బాత్రూం బల్బు దగ్గర నర్సింహ కనుబొమలు ముడిపడ్డాయి. "వీనింట్ల గూడ పోయిందా?" అని గొణిగాడు. దిండు మాట వచ్చేసరికి మెల్లిగా సోఫాలో కూలబడ్డాడు. స్పీకర్లలోంచి "హూఁ" అని వచ్చింది. ఆ గది నిండా తన దిగులు అంత పెద్ద చప్పుడుతో మోగుతుంటే ఎక్కడ దాక్కోవాలో అతనికి తోచలేదు.

"సార్," అన్నాడు తల వంచుకుని, "జర దాన్ని బంద్ చేయుండ్రి. ఆ మగోడు దొరికిండు."

త్రినాథరావు ఆశ్చర్యం నుంచి తేరుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయన వ్యాపారి, మెచ్చుకోలు వెంట షరతు రాకుండా ఉండదు. "చూడండి నర్సింహగారూ, మిగతా పాటలు బాగున్నాయండీ. కానీ బాగున్న పాటలు నా దగ్గర బోలెడు. జనం ఆగి వినేది ఈ ఒక్కదాన్నే. అయితే మీ మాటల వెనక ఎవరిదో మిక్సీ మోగుతోంది, వ్యాను వెనక్కి వస్తోంది. రేపు స్టూడియోకి వచ్చి శుభ్రంగా ఇంకోసారి చెప్పండి. అది కుదిరితే ఆల్బమ్ మొత్తం ఆవిడ పేరుతోనే వేస్తాను. కుదరకపోతే మాత్రం నన్ను మర్చిపోవాలండీ."

మర్నాడు పొద్దున్నే అరుణజ్యోతి సూట్‌కేసుతో దిగింది. ముందు తిట్టింది. తర్వాత పాత ట్యాబ్ తీసుకుని పాట విన్నది. చివరిదాకా విని, అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దిండు సంగతి నాకెందుకు చెప్పలే?"

"ఫోన్ల నువ్వు ఆగితే కద," అన్నాడు నర్సింహ.

ఆమె చాయ్ పెట్టింది. ఇద్దరూ స్టూడియోకు వెళ్ళారు. అద్దానికి ఇవతల మైకు ముందు నర్సింహ, అవతల త్రినాథరావు పక్కన అరుణజ్యోతి. పాట మొదలైంది. ఖాళీ వచ్చింది.

"పప్పు. మాడింది," అన్నాడు నర్సింహ, రేషన్ దుకాణంలో పేరు పిలిచినట్టు.

"ఇంట్ల చెప్పినట్టు చెప్పయ్యా!" అంది అరుణజ్యోతి మైకులో.

రెండోసారి చెబుతూ నవ్వాడు. మూడోసారి అద్దంలోంచి ఆమెను చూస్తూ చెప్పడమే మర్చిపోయాడు. "హూఁ" అనమంటే ఒకసారి వేడి చాయ్ ఊదినట్టు వచ్చింది, ఇంకోసారి భోంచేసి త్రేన్చినట్టు వచ్చింది. సాయంత్రమయ్యేసరికి త్రినాథరావు తల పట్టుకున్నాడు.

"మాటలు అవేనండీ. కానీ ఆ వెలితి ఏదీ? ఈయన ముఖం చూడండి, పెళ్ళికొడుకులా ఉన్నాడు! నిన్నటి మనిషి కాదు ఈయన."

నిన్నటి మనిషికి ఇంట్లో పెళ్ళాం లేదు. తేడా అంతే. అది ముగ్గురికీ అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి బాబీ ఫోన్ చేశాడు. త్రినాథరావు అసలు సంగతి చెప్పాడట, పడీ పడీ నవ్వుతున్నాడు. "సొంత మొగుడికి నేను పోటీ ఏంటండీ! ఆ పాట అన్నయ్యదే. రేపు పొద్దున్నే కాకినాడ బస్సు, వచ్చేయండి. మీ చార్జర్ కూడా నా దగ్గరే ఉంది."

"నేను రాను సార్. వేరేవాళ్ళను చూసుకోండ్రి," అంది అరుణజ్యోతి. ఫోన్ పెట్టేసి నర్సింహ వైపు తిరిగింది. "ఆల్బమూ వద్దు, గిల్బమూ వద్దు. ఈడనే ఉంట. నువ్వు గట్ల ఒక్కనివే ట్యాబ్‌తోని మాట్లాడుకునుడు నేను చూడలేను."

ఇన్నాళ్ళూ నర్సింహ ఎదురుచూసిన మాట అదే. ఆ పూట ఆమె వండిన వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. కొత్త బల్బు తెచ్చి బిగించాడు. ఇల్లు ఇల్లులా ఉంది. అంతా అయ్యాక మంచం కింది నుంచి సూట్‌కేసు లాగి, ఆమె చీరలు ఒక్కొక్కటే మడతపెట్టి అందులో సర్దడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్?" అంది అరుణజ్యోతి తెల్లబోయి. "నన్ను పొమ్మంటున్నవా?"

"పొమ్మంటలే. జర పోయి రా అంటున్న," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు కండ్ల ముంగట ఉంటె నాకు ఆ మాటలు రావు అరుణా. ఈసారన్న నీ గొంతు ఎవ్వరు తీసేయొద్దు."

 కాసేపటికి ఆమె వచ్చి చీరలకు రెండో కొస పట్టుకుంది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి సూట్‌కేసు సర్దడం అదే మొదటిసారి.

పొద్దున బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నర్సింహ రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళాలంటే భయమేసింది. నేరుగా స్టూడియోకు పోయి మైకు ముందు నిలబడ్డాడు. త్రినాథరావు ఈసారి ఏం చెప్పాలో చెప్పలేదు, పాట మాత్రం పెట్టాడు. ఏం జేస్తున్నవో అంటే, "బస్సు పోయేదాక చూసిన," అన్నాడు నర్సింహ. తోడెవరో అంటే, "కొత్త బల్బేసిన. ఎవరి కోసమో తెల్వదు," అన్నాడు. యాదికొస్తనా అని ఆ గొంతు ఆగింది.

"పొద్దుగాల నువ్వు చాయ్ తాగిన గిలాస గట్లనే ఉన్నది. కడగబుద్ధి అయితలేదు," అన్నాడు. ఆ తర్వాత వచ్చిన "హూఁ" ఎవరూ అడిగి రప్పించింది కాదు.

అవతల త్రినాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మైకులో "ఓకే" అన్నాడు. అంతలోనే ఆయనలోని వ్యాపారి లేచి కూర్చున్నాడు.

"అద్భుతమండీ! రెండో ఆల్బమ్ కూడా మనమే చేస్తున్నాం. ఇంకో ఆరు నెలలు మేడమ్‌గారిని టూర్లోనే ఉండమని మీరే కాస్త నచ్చజెప్పాలి."

పండక్కి ఆల్బమ్ వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో అరుణజ్యోతి పేరు, కింద చిన్న అక్షరాల్లో నర్సింహ పేరు. ఫిల్మ్ నగర్‌లో ఎదురుచూపులతో బతికేవాళ్ళకు కొదవ లేదు గానీ, ఎదురుచూసినందుకే పేరు పడింది మాత్రం నర్సింహ ఒక్కడికే.