రెండో రజాయి

ఆ ఉదయం తోర్లేవ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగగానే భార్య సిసెల్‌కి తెలియకుండా హోటలు కిందికి వెళ్ళి ఇంకో రజాయి అడగాలి. దాంతో ఈ రాత్రి ఆమె హాయిగా నిద్రపోతుంది. రేపు పొద్దున్న మనసు తేలిగ్గా ఉంటుంది. అప్పుడు సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి, ఏడు నెలలుగా గొంతుకి అడ్డంపడి ఉన్న జవాబు చెప్పేయాలి.

ప్రశ్న మార్చి నెలలో వచ్చింది. ఇద్దరూ ఉడికించిన చేప తింటుండగా సిసెల్ ఉన్నట్టుండి, "తోర్లేవ్, నేను ఈ ఇంట్లో లేకపోతే నీకు తెలుస్తుందా?" అని అడిగింది. తోర్లేవ్ నిజాయితీపరుడు. తొందరపడి ఏదో ఒకటి అనకూడదని ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన తేలేసరికి ఆమె పళ్ళాలు కడిగేసి, రేడియో పెట్టుకుని కూర్చుంది.

నార్వేలో మా తీరాన అందరికీ తోర్లేవ్ గొంతు తెలుసు. కార్లు ఎక్కించే ఫెర్రీలో ముప్పై ఏళ్ళుగా మైకు పట్టుకుని మూడు వందల మందికి జాగ్రత్తలు చెప్పేది అతనే. సిసెల్ ఆసుపత్రిలో ముసలివాళ్ళకి చెవి మిషన్లు అమరుస్తుంది. ఒకరిది చెప్పే ఉద్యోగం, ఒకరిది వినిపించే ఉద్యోగం. ఇంటికొస్తే రెండింటికీ సెలవే. కూతురు చదువుకని వెళ్ళిపోయాక ఇద్దరి మధ్యా మిగిలింది వాతావరణం ఒక్కటే, మా దగ్గర అది కూడా రోజూ ఒకలాగే ఉంటుంది.

వేసవిలో సిసెల్ ఒక ప్రేమ నవల చదివింది. అందులో మొహాలు చూసుకోని మొగుడూ పెళ్ళాం ఇటలీలో సరస్సు పక్కన ఓ హోటల్లో దిగి మూడో అధ్యాయానికల్లా కౌగిలించుకుంటారు. పుస్తకం మూసి, "ఒక్క వారం వెళ్దాం. ఏమీ మారకపోతే, వచ్చాక విడిగా ఉండటం గురించి మాట్లాడుకుందాం," అంది. తోర్లేవ్ "సరే" అన్నాడు. అతని దీర్ఘ ప్రసంగాల్లో అదొకటి. నవల్లో ఎండ కాసింది. వీళ్ళు అక్టోబరులో దిగారు, దిగినప్పటినుంచీ వాన.

గదిలో మంచం ఒకటి, దాని మీద రజాయి కూడా ఒక్కటే. నార్వేలో పుట్టిన మాలాంటివాళ్ళకి ఇది మింగుడుపడని సంగతి. మా దగ్గర పెళ్ళైన మొదటి రాత్రి కూడా ఎవరి రజాయి వాళ్ళదే. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు, కాళ్ళు చల్లబడితే ప్రేమ ఏం చేస్తుంది? హోటల్లో మొదటి రాత్రి, తను లాక్కుంటే అవతలివాళ్ళకి చాలదేమోనని ఇద్దరూ చెరో అంచునా బిగుసుకుని పడుకున్నారు. మధ్యలో ఎవరికీ చెందని రజాయి తెల్లవార్లూ వెచ్చగా ఉంది.

హోటలు యజమానురాలు ఎర్సీలియాకి డెబ్బై ఏళ్ళు. తోర్లేవ్ ఆమెతో ఇద్దరికీ సొంతం కాని జర్మన్ భాషలో మాట్లాడాడు.

"ఇంకో రజాయి కావాలండీ."

"చలేస్తోందా? మందంది ఇస్తాను ఉండండి."

"మందంది వద్దండీ. ఇంకోటి కావాలి. నాకొకటి, ఆమెకొకటి."

ఎర్సీలియా తాళాలగుత్తి బల్ల మీద పెట్టేసింది. ఆవిడ నలభై రెండేళ్ళు ఒకే రజాయి కింద కాపురం చేసింది. మొగుణ్ణి తిట్టినా దాని కిందే తిట్టింది.

"పెళ్ళై ఎన్నేళ్ళైంది బాబూ?"

"ఇరవై ఆరు."

"అయ్యో! ఇన్నేళ్ళ తర్వాతా?"

"నిన్ననే అడగాల్సింది," అన్నాడు తోర్లేవ్ నొచ్చుకుంటూ. "మొహమాటపడ్డాను."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదండీ. మీరూ చెప్పకండి. రాత్రికి తనే చూస్తుంది."

ఎర్సీలియా శిలువ గుర్తు వేసుకుంది. అల్మరాలో పద్నాలుగు రజాయిలు ఉండగా, ఈ ఇంట్లో రెండో రజాయే లేదని ఒట్టు పెట్టింది.

"ఫర్వాలేదండీ, బజారుకెళ్ళి కొనుక్కొస్తాను."

"డబ్బు పోసి మరీనా!" అని గుండెలు బాదుకుంది ఎర్సీలియా. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా పని అయిపోతున్నందుకు సంతోషిస్తూ తోర్లేవ్ పక్క ఊరి బస్సెక్కాడు.

సిసెల్ భోజనాల గదిలో ఒంటరిగా కూర్చుని వాన చూస్తోంది. ఎర్సీలియా వచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. చెప్పొద్దని అతను బతిమాలిన మాట గుర్తుంది గానీ, సాటి ఆడదానికి చెప్పకుండా ఉండటానికి మనసు ఒప్పుకోలేదు. రజాయి లాంటి చిల్లర సంగతులు ఎందుకని, అసలు సారాంశం అదే జర్మన్‌లో చెప్పేసింది.

"తల్లీ, గుండె దిటవు చేసుకో. మీ ఆయన ఇక నీ పక్కన పడుకోనంటున్నాడు."

"మీకెలా తెలుసు?"

"పొద్దున్నే వచ్చి నాతోనే అన్నాడు. నిన్ననే అడగాల్సిందట, మొహమాటపడ్డాడట."

ఆ చివరి మాట అచ్చం తోర్లేవ్‌దే. సిసెల్‌కి ఇక అనుమానం మిగల్లేదు. ఏడు నెలలు ఎదురుచూసిన జవాబు హోటలావిడ నోట వచ్చింది. ఎదురుగా అతని కాఫీ కప్పు, దాని పక్కన అతను ఎప్పటిలాగే నాలుగు మడతలు పెట్టిన రుమాలు ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా ఈ మడతలు చూస్తున్నానే, మనిషినెప్పుడు చూడటం మానేశాను అనుకుంది. ఏడవలేదు. మావాళ్ళు పరాయి ఊళ్ళో ఏడవరు, సొంత ఊళ్ళో అసలే ఏడవరు.

"ఇంకో గది ఉందా అండీ?" అని మాత్రం అడిగింది.

ఇవ్వకపోతే ఊరే వదిలిపోయేలా ఉందని ఎర్సీలియా పైఅంతస్తు గది తాళం ఇచ్చింది. ఇచ్చేసి, వ్యవహారం చెయ్యి దాటిపోయిందని గొడుగు తీసుకుని, అవతలి ఒడ్డున చర్చిలో ఫాదరుగా ఉన్న అన్నగార్ని పిలుచుకురావడానికి లాంచీ ఎక్కింది. పైగదిలో ఒంటి మంచం, దాని మీద ఒంటి రజాయి. అచ్చం ఇంట్లో తను కప్పుకునే దానిలాగే ఉంది. దాన్ని చూశాక సిసెల్‌కి ఏడుపు ఆగలేదు.

పన్నెండు గంటలకి తోర్లేవ్ ప్లాస్టిక్ సంచీలో పెద్ద రజాయి మోసుకుంటూ వచ్చాడు. తలుపు తీశాడు. పెట్టె లేదు, నవల లేదు, కొక్కేనికి తడి కోటు లేదు. గ్లాసులో బ్రష్ ఒక్కటే ఉంది, అది తనది.

కిందికి పరిగెత్తాడు. వంటింట్లో వంటావిడ ఉల్లిపాయలు తరుగుతూ ధారగా కన్నీళ్ళు కారుస్తోంది. ఆవిడకి జర్మన్ రాదు. తోర్లేవ్ ఉంగరం చూపించి, ఎక్కడ అన్నట్టు చేతులు తిప్పాడు. యజమానురాలి కోసం అడుగుతున్నాడనుకుని ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ కత్తితో రేవు వైపు చూపించింది. ఆ కన్నీళ్ళు చూశాక తోర్లేవ్‌కి ఇక వివరాలు అక్కర్లేకపోయింది. రజాయి చంకలో ఉందన్న స్పృహ కూడా లేకుండా రేవుకి ఉరికి, కదలబోతున్న లాంచీలోకి ఎక్కేశాడు.

పైగది కిటికీలోంచి సిసెల్ చూస్తోంది. మొగుడు పరుపూ పక్కా సర్దుకుని పడవెక్కుతున్నాడు. ఇప్పుడు కూడా ఒక్క మాట చెప్పకుండా! ఆమెలో ఏదో తెగింది. చెప్పుల్లేకుండా మెట్లు దిగి, వానలో రేవు చివరిదాకా పరిగెత్తి, పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి గొంతు చించుకుని అరిచింది.

"తోర్లేవ్! ఎక్కడికి పోతున్నావ్?"

లాంచీ అప్పటికి రెండు బారలు జరిగింది. "ఆపండి! నా భార్య!" అన్నాడు తోర్లేవ్. తాడు విప్పాక ఆపడం కుదరదని లాంచీ అతను చేతులూపాడు. ఆ మాట ఏ భాషలో చెప్పినా తోర్లేవ్‌కి అర్థమవుతుంది, ముప్పై ఏళ్ళుగా తను చెబుతున్నదే. కదిలాక దూకే ప్రయాణికుల గురించి అతను మైకులో చెప్పేది మర్యాదగానే ఉంటుంది గానీ, మైకు కట్టేశాక అనే మాటలు ఇక్కడ రాయలేను. తోర్లేవ్ దూకాడు. రేవు అందలేదు. సంచీలో గాలి ఉండబట్టి రజాయి తేలింది, దాన్ని పట్టుకుని అతనూ తేలాడు.

సిసెల్ రేవు మెట్ల మీద పడుకుని కాలరు పట్టి లాగింది. ఇద్దరూ ముద్దయిపోయారు. వంటావిడ వాళ్ళని పొయ్యి ముందు కూర్చోబెట్టి, ఒళ్ళు తుడిచి, మొదటి గదిలోని పెద్ద రజాయి తెచ్చి ఇద్దరికీ కలిపి చుట్టేసింది.

"పరుపు ఎత్తుకుని ఎటు పోతున్నావ్?" అంది సిసెల్.

"నీ కోసమే. వెళ్ళిపోయావనుకున్నాను."

"పైగదిలో ఉన్నాను. నా పక్కన పడుకోనన్నావట కదా?"

"ఎవరన్నారు? ఇంకో రజాయి అడిగానంతే. రాత్రంతా నీ కాళ్ళు చల్లగా ఉన్నాయి."

"నీకెలా తెలుసు? నువ్వు ఆ చివర ఉన్నావ్."

"రెండుసార్లు లేచి కప్పాను."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. తోర్లేవ్‌కి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"మార్చిలో ఒకటి అడిగావు," అన్నాడు.

"అడిగాను."

"తెలుస్తుంది. తలుపు తీయగానే తెలిసింది. గ్లాసులో నీ బ్రష్ లేదు." గొంతు సవరించుకుని, "చాలా భయమేసింది సిసెల్," అన్నాడు.

"ఇది చెప్పడానికి ఏడు నెలలా?"

"మొహమాటపడ్డాను."

సిసెల్ నవ్వబోయి ఏడ్చింది. తర్వాత, రజాయిలో వెచ్చగా ఉన్న మధ్యభాగం వైపు జరిగింది. అతనూ జరిగాడు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఎంత ఒంటరిగా ఉన్నారో ఇద్దరికీ అప్పుడే, ఒక్కసారే తెలిసింది.

సరిగ్గా ఆ సమయానికి ఎర్సీలియా గొడుగు మూస్తూ లోపలికొచ్చింది. వెనకాలే ఆయాసపడుతూ ఫాదరుగారు.

"చూశావా అన్నయ్యా! నేను చెప్పలేదూ? ఒక్కటే రజాయి, ఇద్దరూ దాని కిందే!"

మిగిలిన రోజుల్లో వాన వెలిసింది. సరస్సులో పడ్డ రజాయి రెండు రోజులకి ఆరింది. ఆ రాత్రి ఇద్దరూ ఎవరి రజాయి వాళ్ళు కప్పుకుని, మధ్యలో చెయ్యి పట్టుకుని, మనుషుల్లా హాయిగా నిద్రపోయారు.

పొద్దున్న పక్క సర్దడానికి వెళ్ళిన ఎర్సీలియా రెండు రజాయిలూ నలిగి ఉండటం చూసి, ఈసారి తిన్నగా బిషప్పుగారికే ఫోన్ చేసింది.