వట్టివేరు రికార్డు

ఒక పెద్ద అడవిలో పర్యావరణ శాస్త్రం చెప్పడానికి చోటు చాలక, అరణ్య సభవారు నూట పన్నెండు చెట్లు కొట్టించి ఏటిగట్టున ఒక కళాశాల కట్టించారు.

అందులో రెండే కోర్సులు. ఒకటి పర్యావరణ శాస్త్రం, రెండోది బాతుభాష. ఎప్పుడో ఉత్తరాది మంచుకొండల నుంచి పెద్ద బాతులు దిగి, కొన్నేళ్ళపాటు ఆ అడవిలోని మడుగును ఏలి, మడుగు ఇంకిపోగానే వెళ్ళిపోయాయి. భాష మాత్రం ఉండిపోయింది. సభకు అర్జీ పెట్టుకోవాలన్నా, పక్కవాడి మీద ఫిర్యాదు చెయ్యాలన్నా ఆ అడవిలో ఇప్పటికీ బాతుభాషే.

పక్క కొండ తగలబడి అక్కడి జంతువులు ఈ అడవికి వచ్చినప్పుడు సభవారు దయతలచి ఒక నిబంధన చేశారు. రెండు కోర్సులూ పాసైనవారికి ఏటిగట్టు మీద బొరియ పట్టా ఇస్తారు. తప్పినవారు తొలకరి పడగానే అడవి విడిచి పోవాలి.

అలా వచ్చినవారిలో గవరమ్మ అనే అలుగు ఒకతె. ఒళ్ళంతా పొలుసులు, చీమలూ చెదలూ తిని బతికే ప్రాణం. మొగుడు మంటల్లో పోయాడు. ఆమె తోక మీద పిల్లను మోసుకుంటూ మూడు రోజులు నడిచి వచ్చింది. ఆ పిల్ల దిగి పడుకోవడానికి ఒక బొరియ, ఆ బొరియ నుంచి ఎవరూ లేపకుండా ఒక పట్టా. ఆమెకు కావలసింది అంతే.

బాతుభాష చెప్పేది గోరింక మేడమ్. ఆమె బాతును ఎన్నడూ చూడలేదు. మొదటి పాఠాన్ని మాత్రం కళ్ళు మూసుకుని అప్పజెప్పేది: "నేడు మంచు దట్టముగా ఉన్నది. గొడుగు అక్కడ ఉన్నది. రండి, మంచు మీద నడిచెదము."

"మంచు మీద ఎలా నడుస్తారు మేడమ్?" అని గవరమ్మ అడిగింది.

"నడవడం పరీక్షకు రాదమ్మా. 'దట్టముగా' వస్తుంది. అది నేర్చుకో."

గవరమ్మ నేర్చుకుంది. మూరెడు లోతున ఉన్న చెదను వాసన పట్టగల ముక్కును పుస్తకానికి ఆనించి, రోజుకు మూడు మాటల చొప్పున, పిల్ల నిద్రపోతున్నప్పుడు పెదవులు కదలకుండా వల్లించుకుంది.

పర్యావరణ శాస్త్రం చెప్పేది కూర్మయ్య మేష్టారు అనే తాబేలు. పాఠం చదువుతున్నంతసేపూ ఆయన మెడ బయట ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే లోపలికి పోయేది.

నాలుగో పాఠం 'నేలను పట్టి ఉంచు మొక్కలు'. దానికి రికార్డు పెట్టాలని మేష్టారు ప్రకటించారు.

"బొమ్మ వేస్తే చాలదు. ప్రతి విద్యార్థీ ఏటిగట్టున ఉన్న వట్టివేరు దుబ్బును వేరు తెగకుండా పెకలించి, ఆరబెట్టి, అట్టకు కుట్టి తేవాలి. మూడు ప్రతులు. ఒకటి నాకు, ఒకటి ఆఫీసుకు, ఒకటి సభకు."

తరగతిలో రెండువందల ముప్ఫైమంది ఉన్నారు. గవరమ్మ లేచి నిలబడింది.

"మేష్టారూ, దుబ్బులన్నీ పీకేస్తే గట్టును ఏది పట్టుకుంటుంది బాబూ?"

మెడ సగం లోపలికి పోయింది. "అది అయిదో పాఠం, 'నేల కోత'. ఈ ఏడాది సిలబస్ తగ్గించారు. అయిదో పాఠం లేదు."

"పాఠం లేకపోతే కోత కూడా ఉండదాండీ?"

మెడ పూర్తిగా లోపలికి పోయింది.

పక్కనే కూర్చున్న సింహాచలం ఆమె పొలుసు పట్టి లాగాడు. అతనొక కుందేలు. తరగతిలో ప్రతిసారీ మొదటి మార్కు అతనిదే. "కూర్చో అక్కా! నీకు కావలసింది పట్టాయా, జవాబా? రెండూ అడిగితే ఒక్కటీ ఇవ్వరు."

మర్నాటి నుంచి గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. పందులు మోరలతో తవ్వాయి. ఎలుకలు వేళ్ళు విడదీశాయి. కుట్టడం చేతగానివారికి గిజిగాళ్ళు కుట్టిపెట్టాయి. సభవారు తనిఖీకి వచ్చి, ఒంటినిండా మట్టితో వంగి ఉన్న విద్యార్థులను చూసి, ఇంతటి పర్యావరణ స్పృహ తాము ఎన్నడూ ఎరగమని పుస్తకంలో రాసి సంతకాలు చేశారు. వారం తిరిగేసరికి గట్టు గొరిగిన తలలా అయింది.

గడువు చివరి రోజున గవరమ్మ వెళ్ళేటప్పటికి ఏటి వంపు దగ్గర ఒకే ఒక్క దుబ్బు మిగిలింది. ఎలుగుబంటి నిలబడ్డా కనపడనంత పెద్దది.

"నీ అదృష్టం అక్కా!" అన్నాడు సింహాచలం. "ఇదొక్కటే మూడు ప్రతులకూ వస్తుంది. పట్టు, నేనూ ఓ చెయ్యి వేస్తా."

గవరమ్మ గోళ్ళు దించింది. తవ్వడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. బారెడు లోతుకు దిగినా వేళ్ళకు కొస దొరకలేదు. ఒక్కొక్క వేరూ గుప్పెడు మట్టిని పట్టుకుని ఉంది. ఆమె చెయ్యి ఆగింది.

"ఏమైంది?"

"మా కొండ మీద మంట ఆయన్ని తీసుకుపోయింది, తమ్ముడూ. గడ్డి కూడా కాలిపోయింది గదా, ఆ తర్వాత పడ్డ వాన ఆయన తవ్విన బొరియను కూడా తీసుకుపోయింది. చూసుకోవడానికి గుంటైనా మిగల్లేదు."

సింహాచలం చెవులు వాలిపోయాయి. మెల్లగా అన్నాడు: "ఆ మాట రికార్డులో రాస్తే మార్కులు రావక్కా."

ఆమె తవ్విన మట్టిని తిరిగి కప్పి, కాలితో అదిమి, ఖాళీ అట్టతో ఆఫీసుకు వెళ్ళింది.

ప్రిన్సిపాలు శల్యానందంగారు ముళ్ళపంది. కలం కోసం ఎవరినీ అడిగేవారు కాదు. తన వీపు నుంచే ఒక ముల్లు పీకి సంతకం చేసేవారు. ఆయన అట్టను తిప్పి చూశారు. దుబ్బు ఉండవలసిన చోట బాతుభాషలో నాలుగు ముక్కలున్నాయి: 'మొక్క అక్కడ ఉన్నది. రండి.'

"ఇదేమిటమ్మా?"

"రికార్డండి. వచ్చి చూసుకోమని."

"వచ్చి చూడడానికి సిలబస్‌లో పీరియడ్లు లేవు." ఆయన మళ్ళీ చదివారు. "వాక్యం మాత్రం నిర్దుష్టంగా ఉంది. ఈ కళాశాల పెట్టాక బాతుభాషలో ఎవరైనా చెప్పదలచుకున్నది చెప్పడం ఇదే మొదటిసారి. కనుక భాషలో పాసయ్యావు. పర్యావరణంలో తప్పావు."

"పట్టా?"

"రెండూ పాసైతేనే. తొలకరి పడగానే బయలుదేరాలి."

"పిల్ల ఇంకా తోక వదలదు బాబూ. వానలో ఎక్కడికని పోను?"

శల్యానందంగారు మంచివారే. నొచ్చుకున్నారు కూడా. నొచ్చుకుంటూనే ముల్లు పీకి సంతకం చేశారు.

తొలకరికి గడువుంది గదా అని గవరమ్మ ఆ చివరి దుబ్బు వెనక, వేళ్ళ సందున, ఒక బొరియ తవ్వుకుంది. మిగిలినవారంతా పట్టాలు అందుకుని గట్టు పొడుగునా గృహప్రవేశాలు చేశారు.

వాన ఒక మధ్యాహ్నం మొదలైంది. తొలకరిలా కాక, దాచుకున్నదంతా ఒకేసారి కుమ్మరించినట్టు కురిసింది. గంటలో ఏరు ఎర్రబడింది. రెండో గంటలో గట్టు బెడ్డలు బెడ్డలుగా జారింది. బొరియలు జారాయి. కళాశాల గోడ జారింది. ఆరువందల ఎనభై ఏడు రికార్డులు మార్కులతో సహా తేలుతూ పోయాయి. అడవంతా కేకలు. ఏడాదిపాటు ఆవరణలో మాతృభాష వినిపిస్తే గుంజిళ్ళు తీయించిన ఆ కళాశాలలో, ఆ వేళ బాతుభాషలో ఒక్క కేక కూడా వినపడలేదు.

ఏటి వంపు దగ్గర మాత్రం గట్టు కదలలేదు.

మొదట సింహాచలం వచ్చాడు. తర్వాత రెండు ఎలుకలు, తడిసిన గోరింక మేడమ్, దొర్లుకుంటూ కూర్మయ్య మేష్టారు, ఆఖరున శల్యానందంగారు. ఆ బొరియ ఒంటరిదానికి అవసరమైన దానికన్న పెద్దది. తవ్వేటప్పుడు గవరమ్మ చెయ్యి పాత అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా తవ్వింది. అందులో ఇప్పుడు పిల్లతో కలిపి ఎనిమిదిమంది. ప్రిన్సిపాలుగారు నిట్టూర్చినప్పుడల్లా నలుగురు "అబ్బా!" అన్నారు. గవరమ్మ పొలుసుల వీపును గుమ్మానికి అడ్డం పెట్టి వానను ఆపుతోంది.

కొంచెం వెచ్చబడ్డాక శల్యానందంగారికి ఉద్యోగం గుర్తొచ్చింది.

"గవరమ్మా, ఈ బొరియకు పట్టా ఉందా?"

"లేదు బాబూ. మీరే ఇవ్వలేదు."

"తొలకరి పడింది. నిబంధన ప్రకారం నువ్వు బయలుదేరాలి."

"బయలుదేరతానండి. నేను లేస్తే వాన లోపలికొస్తుంది, అంతే."

కూర్మయ్య మేష్టారి మెడ ఎటూ తేల్చుకోలేక సగంలో ఆగింది.

"ఎన్ని చినుకులు పడితే తొలకరి అంటారో నిబంధనలో రాయలేదు," అన్నారు శల్యానందంగారు చివరికి. "కూర్చో తల్లీ."

వాన వెలిశాక సభ కూడి ఒక ఉత్తర్వు తీసింది. పట్టాలిచ్చిన భూములు ఏట్లో కలిసినందున పట్టాలన్నీ రద్దు. పట్టాదారులు కొత్త కోర్సుకు దరఖాస్తు చేసుకోవాలి. గవరమ్మ పట్టా కూడా రద్దు చేద్దామని గుమస్తాలు మూడు రోజులు వెతికారు. ఆమెకు పట్టాయే లేదు కనుక రద్దు చెయ్యడం సాధ్యపడలేదు. ఆమె అక్కడే ఉంది.

అందుచేత, కాళ్ళ కింద నేల నిలవాలని కోరేవారు పర్యావరణ పరీక్షలో శ్రద్ధగా తప్పాలి.