ముక్తార్ సాబ్ హైబ్రిడ్ దానం

ఆ సోమవారం పొద్దున తాండూరు ముక్తార్ సాబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగి బయలుదేరాలి. పదింటికల్లా వికారాబాద్ చేరి, పదకొండేళ్లు నడిపిన కారును కరుణ మేడం వృద్ధుల సేవాసంస్థకు అప్పగించాలి. ఒక ఫోటో దిగాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినాలి.

అది పెట్రోలుతోనూ, కరెంటుతోనూ నడిచే కారు. తన బజారులో అలాంటిది మొదట కొన్నది తానేనని ఆయనకు గర్వం. అందుకే దాన్ని ఏనాడూ కారు అనలేదు, "మా హైబ్రిడ్" అనే అన్నాడు. ఇప్పుడు దాని బ్యాటరీ ముసలిదైంది. అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు ఆయాసపడుతోంది. ముక్కలు చేస్తానన్న పాత ఇనుము వ్యాపారికి ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. ముసలివాళ్లను కంటి ఆసుపత్రికి తిప్పడానికైనా పనికొస్తుందని దానం చేయాలనుకున్నాడు.

"అజీ, ఇచ్చేదేదో సప్పుడు చెయ్యకుండ ఇచ్చి రారాదుండ్రి," అంది భార్య జహీరాబీ.

"నలుగురు సప్పట్లు కొడితె తప్పేంది?" అన్నాడాయన. అప్పటికే ముందురోజు కరుణకు ఫోన్ చేసి ఉన్నాడు. "మేడం, రేపు పదింటికి మా హైబ్రిడ్ దానమిస్తున్న. జర నలుగురిని పిలువుండ్రి."

కరుణ విన్నది విన్నట్టే వాట్సాప్ గ్రూపులో పెట్టింది: "రేపు పది గంటలకు తాండూరు ముక్తార్ సాబ్ హైబ్రిడ్ దానం చేస్తున్నారు. అందరూ రాగలరు."

అది జూన్ నెల. తొలకరి పడి నాలుగు రోజులైంది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఆ మాటకు ఒక్కటే అర్థం. సందేశం మర్పల్లి చేరేసరికి హైబ్రిడ్ పక్కన 'విత్తనాలు' చేరింది. పూడూరు చేరేసరికి 'ఇంటికి రెండు సంచులు' చేరింది. ఎవరో జాగ్రత్తపరుడు చివర 'ఆధార్ జిరాక్స్ తప్పనిసరి' అని కూడా కలిపాడు.

ముక్తార్ సాబ్ వెళ్లేసరికి సంస్థ ముందు రెండు వందల మంది ఉన్నారు. పొద్దున ఐదింటికే వచ్చినవాళ్లు వరుసలో తమ చెప్పులు పెట్టి, నీడన కూర్చున్నారు. చేతుల్లో పట్టా పాసుపుస్తకాలు, ఖాళీ గోనెసంచులు. కారు దిగగానే చప్పట్లు మోగాయి. నలుగురిని పిలవమంటే మేడం ఇంతమందిని పిలిచిందా అని ఆయన మురిసిపోతూ చొక్కా సర్దుకున్నాడు. గుమ్మం ముందు బిత్తరపోయి నిలబడ్డ కరుణను ఆయన గమనించలేదు.

"అందరికి సలాం," అన్నాడు. "మా హైబ్రిడ్ పదకొండేండ్లది. అయినా ఇప్పటికి మస్తుగుంది."

చప్పట్లు ఆగాయి. మర్పల్లి రైతు కిష్టయ్య ముందుకొచ్చాడు.

"పదకొండేండ్లదా? దిగుబడి ఎంతిస్తది సాబ్?"

"లీటరుకు ఇరవై ఇస్తది. రోడ్డు మంచిగుంటె ఇరవై రెండు."

"లీటరు లెక్క నాకెందుకు? ఎకరానికి చెప్పు."

"ఎకరాలల్ల ఎందుకు తోలుతం? రోడ్డు మీదనే తోలాలె."

కిష్టయ్య వెనక్కి తిరిగి, "మనల్ని పిచ్చోళ్లను చేస్తుండు," అని ప్రకటించాడు. ఇద్దరు వెళ్లి డిక్కీ తెరిచారు. అందులో ఒక స్టెప్నీ, పాత దుప్పటి ఉన్నాయి. "సంచులన్ని తొవ్వలనే అమ్ముకున్నడు!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో ఫోన్ చేశారు. పావుగంటలో వ్యవసాయ అధికారిణి మనోరమ జీపు దిగింది.

"లైసెన్సు ఉందా?" అని అడిగింది.

ముక్తార్ సాబ్ వెంటనే జేబులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని రెండువైపులా చూసింది. కారు వెనక రాసి ఉన్న 'హైబ్రిడ్' అన్న అక్షరాలు చదివింది. కరుణ ఫోనులోని సందేశం చదివింది. తర్వాత అరుగెక్కి, ఇక్కడ విత్తనాలు లేవనీ, ఎన్నడూ లేవనీ చెప్పింది.

ఎవరూ అరవలేదు. సంచులు మడిచి చంకన పెట్టుకుని, వరుసలో ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కున్నారు. అరిచి ఉంటేనే బాగుండుననిపించింది ముక్తార్ సాబ్‌కు.

మర్పల్లి సత్యమ్మ మాత్రం బస్టాండు వైపు పోలేదు. డెబ్భై దాటిన మనిషి. నేరుగా వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. "ఇత్తనం లేకుంటె లేకపాయె. మోకాళ్లు గుంజుతున్నయి సాబ్, ఇంటికాడ దించు." అది చూసి వెనక సీట్లో మరో ముగ్గురు ముసలివాళ్లు సర్దుకున్నారు.

కారు ఇప్పుడు సంస్థది కాబట్టి, సంస్థ డ్రైవర్ హరీష్ వచ్చి మీట నొక్కాడు. చప్పుడేమీ రాలేదు; కరెంటు మీద కదిలేటప్పుడు ఆ బండికి చప్పుడుండదని అతనికి తెలియదు. గేరు వేసి చూశాడు, అప్పుడూ రాలేదు. "మేడం, బండి సచ్చిపోయింది," అని బ్రేకు మీంచి కాలు తీశాడు. చచ్చిన బండి నిశ్శబ్దంగా వెనక్కి వెళ్లి గేటుకు తగిలింది. హరీష్ ఒక్క దూకులో బయటపడ్డాడు. "సప్పుడు లేకుండ పోయేదాన్ని నేను తోల మేడం!"

దాంతో ముక్తార్ సాబ్ కూర్చోక తప్పలేదు. మిగతా ముసలివాళ్లూ ఆగిపోవడంతో మర్పల్లికి రెండుసార్లు, పూడూరుకు రెండుసార్లు తిరిగాడు. తొలిసారి దారిలో సత్యమ్మ ఎదురొచ్చే లారీని గేదె అనుకుంది. కళ్ల మసక ఎన్నాళ్లనుంచి అని అడిగి, వికారాబాద్ తిరిగి రాగానే కంటి పరీక్ష జాబితాలో ఆమె పేరు ఆయనే రాశాడు.

సాయంత్రం కరుణకు తాళంచెవి ఇచ్చి, ఫోటో దిగాడు. ఆమె ఒక కాగితం చేతిలో పెట్టింది.

"రసీదా మేడం?"

"రేపటి జాబితా సార్. ఎనిమిదింటికి మర్పల్లిల ఎక్కించుకోవాలె. మొదటి పేరు సత్యమ్మదే."

"నేను బండి ఒక్కటే ఇచ్చిన మేడం!"

"ఇచ్చిన్రు సార్. హరీష్ దాని పక్కకు కూడ వోతలేడు. మీరు రాకుంటె బండి గీడనే ఉంటది, సత్యమ్మ గాడనే ఉంటది."

ముక్తార్ సాబ్ జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజాము బస్సులో తాండూరు నుంచి వికారాబాద్ దాకా నిలబడి వెళ్లి, ఆయన డ్యూటీలో చేరాడు.