వయసు కాదమ్మా, ఐసు

ఆ రోజు పొద్దున సైన్సు మాస్టారు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ఐసు పలకని ఉన్ని దుప్పటిలో చుట్టుకుని బస్సెక్కాలి. బడిలో ఏడో తరగతి పిల్లల ముందు, తనిఖీకి వచ్చే అధికారి ముందు దాన్ని బల్ల మీద పెట్టి, "దుప్పటి కప్పితే ఐసు తొందరగా కరుగుతుందా, నిదానంగా కరుగుతుందా?" అని అడగాలి. అందరూ తొందరగానే అంటారు. కాదర్రా అని విప్పి చూపించాలి. అంతే.

పథకం చిన్నదే గాని, దాని మీద ఒక గది బతుకు ఆధారపడి ఉంది. వరండా చివర రాతి బల్ల, కారే కుళాయి, మూతి విరిగిన గాజు సామాను ఉన్న సైన్సు గది అది. విరిగిన బెంచీలు పడెయ్యడానికి చోటు లేదని హెడ్మాస్టరమ్మ చాన్నాళ్ళుగా దాని మీద కన్నేశారు. ఆ గది ఉంచాలో తీసెయ్యాలో పాఠం చూసి అధికారి తేల్చేస్తారు. మాస్టారికి ఆ గదంటే ప్రాణం. తరగతిలో నోరు విప్పని పిల్లలు కూడా ఆ రాతి బల్ల చుట్టూ చేరితే ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు. చెప్పిన పాఠమే చెప్పి చెప్పి అలసిపోయిన మనిషికి మిగిలిన సుఖం అదొక్కటే. మాటకి ముందొకసారి, మాటకి వెనకొకసారి నిట్టూరుస్తారని పిల్లలు ఆయనకి ఉస్సూరు మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. కోప్పడే ఓపిక లేక ఊరుకున్నారు.

స్నానం చేసి వచ్చేసరికి, వంటింటి గట్టు మీద దుప్పటి చుట్టి పెట్టిన ఐసు కాస్తా దిగంబరంగా హాల్లో ఫ్యాను కింద ఉంది. పక్కనే అత్తగారు పెద్ద ఉపకారం చేసిన మొహంతో నిలబడి ఉన్నారు.

"ఎవరో ఐసుకి దుప్పటి కప్పారు బాబూ. ఉక్కపోసి కరిగిపోదూ? నేనే చూసి, విప్పి, కాస్త గాలి తగిలేలా పెట్టాను."

"ఫ్యాను కిందే తొందరగా కరుగుతుందండీ అత్తయ్యగారూ. గదిలో ఉన్న వెచ్చటి గాలినంతా తెచ్చి దాని మీద పోస్తుంది."

"అదేం మాట! మనకి చెమటపడితే ఫ్యాను కింద చల్లగా ఉండదూ?"

మాస్టారు జవాబు చెప్పబోయారు. ఇంతలో వంటింట్లోంచి, "ఏమండీ, పొద్దున్నే మా అమ్మతో వాదనేంటండీ?" అని భార్య గొంతు వినిపించింది. దాంతో ఆ ఇంట్లో సైన్సు ముగిసింది.

ఉన్ని దుప్పటి అప్పటికే తడిసి ముద్దయింది. ఇంట్లో ఇంకొకటి ఉందంటే, కూతురు పసిపిల్లగా ఉన్నప్పటిది, కుందేళ్ళ బొమ్మలున్న గులాబీరంగు దుప్పటి. చేసిన పొరపాటు దిద్దుకుందామని దాన్ని అత్తగారే చుట్టారు. ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి అది. కింది కొస పైకి మడిచి, పక్క కొసలు లోపలికి దోపి, పై కొస ముసుగులా దించి, పిన్నీసు పెట్టి అల్లుడి చేతుల్లో పెట్టారు. "తల జాగ్రత్త" అన్నారు అలవాటుగా.

బస్సు కిక్కిరిసి ఉంది. మాస్టారిని చూడగానే ఒక పెద్దాయన లేచి సీటిచ్చాడు. ఆ బస్సులో ఆయనకి సీటు దొరకడం అదే మొదటిసారి. ఎందుకిచ్చాడో అర్థం కాలేదు. అడిగితే మళ్ళీ నిలబడాల్సి వస్తుందేమోనని అడగకుండానే కూలబడ్డారు. పక్కన కూర్చున్న ముసలమ్మ మూట వంక చూసి నొచ్చుకుంది.

"ఈ ఎండలో పసిదానికి ఇన్ని చుట్లేంటి నాయనా? ఊపిరాడొద్దూ?"

"పసిది కాదమ్మా. లోపలున్నది ఐసు."

ముసలమ్మకి చెవుడు. దానికి తోడు బస్సు మోత.

"అదే అడుగుతున్నా. ఎంత వయసు?"

"వయసు కాదమ్మా, ఐసు. ఐసు!"

"దానికంత విసుగెందుకయ్యా? వయసే కదా అడిగాను, ఆస్తి అడిగానా?"

మాస్టారికి నీరసం ముంచుకొచ్చింది. ఫ్రిజ్ సంగతి మొదట్నించీ చెప్పే శక్తి లేక, "నిన్న రాత్రి పెట్టిందేనమ్మా" అని ఊరుకున్నారు.

"నిన్న రాత్రి పుట్టిందా! ఒక్కరోజు గుడ్డుని తల్లి పక్కలో ఉంచకుండా బస్సుల్లో తిప్పుతున్నావా?"

బస్సంతా ఇటు తిరిగింది. ముసలమ్మ ముసుగు కిందకి చెయ్యి దూర్చి, మరుక్షణం కెవ్వుమంది.

"అయ్యో, ఒళ్ళు చల్లబడిపోయింది బాబోయ్!"

ఆ మాట విన్నాక ఏ బస్సూ దాని దారిన అది పోదు. కండక్టరు ఈల మీద ఈల వేశాడు. డ్రైవరు మలుపు దగ్గర బండిని ఆసుపత్రి వైపు తిప్పేశాడు. మాస్టారు లేచి నిలబడి, "అది ఐసండీ బాబూ, ఐసు!" అని గొంతు చించుకున్నారు.

"ఐసీయూకే పోతున్నాం సార్, మీరు ధైర్యంగా ఉండండి" అన్నాడు కండక్టరు, భుజం నొక్కి కూర్చోబెడుతూ.

ఇంతలో మూటలోంచి నీళ్ళు మాస్టారి ఒళ్ళోకి కారసాగాయి. "తడిపింది, తడిపింది! ప్రాణం ఉంది!" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు. బస్సంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు తడిసిన ప్యాంటు వంక చూసుకుని నిట్టూర్చారు. దాన్ని కూడా వాళ్ళు ఊరట కిందే జమకట్టారు.

ఆసుపత్రి గుమ్మంలోనే నర్సు మూట లాక్కుంది. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెద్ద దీపం కిందికి చేర్చి, రెండు వైపులా వేడినీళ్ళ సంచులు పెట్టింది.

"అమ్మా, అది ఐసు..."

"పేరు తర్వాత చెబుదురుగానీ, ముందు పక్కకి జరగండి."

ముసుగు పక్కనుంచి థర్మామీటరు దోపింది. కాసేపు చూసి మొహం చిట్లించింది. "ఇంత వేడి పెడుతున్నా కొంచెం కూడా పెరగదేంటి?"

ఎవరు ప్రశ్న అడిగినా జవాబు చెప్పకుండా ఉండలేకపోవడం బడిపంతుళ్ళ జబ్బు. "పెరగదమ్మా. పూర్తిగా కరిగేదాకా పెరగదు. మీరిచ్చే వేడంతా కరగడానికే ఖర్చయిపోతుంది" అన్నారు మాస్టారు.

నర్సు ఆయన వంక జాలిగా చూసింది. "పాపం, దిగులుతో మతి చలించినట్టుంది. ఎవరైనా ఆయనకో కుర్చీ వెయ్యండి" అంది.

అప్పుడు డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరుతున్న డాక్టరు వచ్చాడు. మాస్టారికంటే అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. పిన్నీసు తీసి దుప్పటి విప్పాడు. తడి గుడ్డలోంచి సబ్బుబిళ్ళంత ఐసుముక్క జారి ట్రేలో పడింది. అందరూ చూస్తుండగానే, ఆ దీపం కింద, అదీ నీరైపోయింది.

"ఏంటండీ ఇది?" అన్నాడు డాక్టరు.

"ఏడో తరగతి పాఠమండీ" అన్నారు మాస్టారు.

డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీకూ నాకూ మందులు పనిచెయ్యవు. ఇంటికెళ్ళి పడుకోవడమే" అన్నాడు.

పడుకునే యోగం ఎక్కడిది? మాస్టారు పడుతూ లేస్తూ బడి చేరేసరికి అధికారి రాతి బల్ల పక్కన కుర్చీలో వాచీ చూసుకుంటున్నారు. హెడ్మాస్టరమ్మ గోడల వెంట చూపు సాగిస్తూ, ఏ మూల ఎన్ని బెంచీలు పడతాయో లెక్క వేసుకుంటున్నారు.

"మరి సామాను ఏదండీ?" అన్నారు అధికారి.

మాస్టారు తడి దుప్పటిని బల్ల మీద పరిచారు. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి. అది లేదు గనక, ఫ్యాను దగ్గర మొదలుపెట్టి జరిగింది జరిగినట్టు చెప్పేశారు. ముసలమ్మ వయసు అడిగిన చోటికి వచ్చేసరికి పిల్లలు బల్ల మీద పడి నవ్వుతున్నారు. ఆ నవ్వులో ఆయనకి కొంచెం ఊపొచ్చింది.

"ముసుగులో పెట్టగానే ఆవిడ చెయ్యి ఎందుకు జిల్లుమంది?"

"ఐసులో చలి చేతిలోకి ఎక్కింది సార్!" అంది ఒక పిల్ల.

"చలి ఎక్కడికీ పోదమ్మా. పోయేది వేడే. ఆవిడ చేతిలో వేడి ఐసులోకి దిగింది. తాకితే పోయే దారి అది. మా అత్తగారి ఫ్యానో?"

"గాలి మోసుకొచ్చింది సార్!"

"మరి దీపం ఐసుని తాకలేదు, దానికి గాలితో పని లేదు. దాని వేడెలా వచ్చింది?"

వెనక వరసలో ఎప్పుడూ కునికిపాట్లు పడే అమ్మాయి లేచింది. "ఎండ వచ్చినట్టే సార్, దూరాన్నించే వచ్చేసింది. దుప్పటికి మాత్రం సొంత వేడి లేదు సార్. లోపలిది బయటికీ, బయటిది లోపలికీ పోకుండా అడ్డం పడుతుందంతే."

మాస్టారి గుండె నిండిపోయింది. పొద్దుటి నుంచి పడ్డ అవస్థంతా చేత్తో తీసేసినట్టయింది. అధికారి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. గది దక్కింది, ఇంక ఫరవాలేదు అనుకున్నారు మాస్టారు.

అధికారి లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "నా సర్వీసులో ఇంత మంచి పాఠం వినలేదండీ! దీపం లేదు, గాజు సామాను లేదు, ఆఖరికి ఐసు కూడా లేదు. ఒట్టి తడిగుడ్డతో వేడి పోయే మూడు దార్లూ చూపించేశారు!" అని, హెడ్మాస్టరమ్మ వైపు తిరిగారు. "ఇలాంటి మాస్టారు ఉండగా మీకు సైన్సు గది ఎందుకమ్మా, దండగ!"

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో మాస్టారికి పూర్తిగా తెలిసొచ్చింది. హెడ్మాస్టరమ్మ మాత్రం ఆయన్ని మొట్టమొదటిసారి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. సాయంత్రం బడి వదిలేలోపే రాతి బల్ల మీద బెంచీలు పేర్చేశారు.

అధికారి అంతటితో ఊరుకోలేదు. ఆ పాఠం అందరికీ అందాలని పైకి రాశారు. ఇప్పుడు మాస్టారు వారానికో బడికి వెళ్ళి, ఖాళీ చేతులతో దాన్నే చెబుతున్నారు. ఆయన బాగా చెప్పిన చోటల్లా విరిగిన బెంచీలకి ఒక గది దొరుకుతోంది.